లైకులు మూడు వేలు, కుర్చీలు ఖాళీ!

నా చిన్నప్పుడు మా ఊళ్ళో కొత్త సినిమా వచ్చిందంటే ఒక ఆటో, దాని మీద మైకు, రెండు పక్కలా పోస్టర్లు. "నేడే చూడండి" అంటూ వీధి వీధీ తిరుగుతూ రంగు కాగితాలు విసిరేవారు. పిల్లలం ఆ కాగితాల కోసం ఆటో వెనకాల పరిగెత్తేవాళ్ళం. మాలో సినిమాకి వెళ్ళేది ఏ ఇద్దరో ముగ్గురో. హాలు నిండిందా లేదా అన్నది మాత్రం సాయంత్రం టికెట్ల కిటికీ దగ్గర తేలిపోయేది.

ఇప్పుడా ఆటో మన ఫోనులోకి వచ్చేసింది. దాని వెనకాల పరిగెత్తే పిల్లల్ని లెక్కపెట్టుకుని, హాలు నిండిపోయిందని మురిసిపోవడం ఈ కాలపు జబ్బు. ఆ జబ్బు నాకూ వచ్చింది. అది ఎలా వచ్చిందో, ఎలా తగ్గిందో చెబితే మన సంఘాలు నడిపేవారికి, ఇంటి దగ్గర సంగీతం, నాట్యం నేర్పేవారికి, పచ్చళ్ళూ పిండివంటలూ అమ్మేవారికి కాస్త పనికొస్తుందని ఈ వ్యాసం.

అసలేం జరిగింది?

మూడేళ్ళ క్రితం మా ఊరి తెలుగు సంఘం ఇండియా నుంచి ఒక కూచిపూడి బృందాన్ని పిలిపించింది. 450 కుర్చీల హాలు మాట్లాడాం. ప్రచారం ఎవరు చూడాలి అన్న ప్రశ్న రాగానే కమిటీలో అందరి చూపులూ నా మీదకే. "సాఫ్ట్‌వేరు వాడివి కదా, నీకిది చిటికెలో పని" అన్నారు. కంపైలరుకీ ప్రచారానికీ సంబంధం లేదని చెప్పడానికి మొహమాటపడి సరేనన్నాను.

ఒక సోషల్ నెట్‌వర్కులో మా పేజీకి 600 డాలర్లు పెట్టి ప్రకటన నడిపాను. భాష తెలుగు అని ఎంచుకున్నాను. దేశాల దగ్గర అమెరికాతో పాటు ఇండియా కూడా ఉంచాను. ఊళ్ళో ఉన్న అమ్మానాన్నలు చూసి ఇక్కడున్న పిల్లలకు చెబుతారు కదా అని నా తెలివి! లక్ష్యం ఏమిటని అది అడిగితే "పేజీకి లైకులు" అని నొక్కాను. రెండు వారాల్లో మూడు వేల లైకులు వచ్చాయి. ఒక్కో లైకు 20 సెంట్లు. కమిటీ వాట్సాప్ గుంపులో చప్పట్ల బొమ్మలే బొమ్మలు.

కార్యక్రమం రోజున హాల్లో ఉన్నది 140 మంది. అందులో సగం మంది కమిటీ సభ్యులూ, వాళ్ళ కుటుంబాలే. హాలు అద్దె, విమానం టికెట్లు, భోజనాలు అన్నీ లెక్క చూస్తే 1,800 డాలర్లు తక్కువ పడింది. కోశాధికారిగారు మారు మాట్లాడకుండా తన చెక్కు రాసిచ్చారు. తెర వెనక నేను క్షమాపణ చెప్పబోతే నాట్యాచార్యులవారు, "జనం తగ్గారని మేము తాళం తగ్గించం బాబూ" అన్నారు. ఆ మాట కంటే నాలుగు చీవాట్లు పెట్టినా బాగుండేది. మరుసటి ఏడాది అలాంటి కార్యక్రమం పెట్టే ధైర్యం సంఘానికి లేకపోయింది.

యంత్రం మనం అడిగిందే ఇస్తుంది

ఆ వారమంతా కూర్చుని లెక్కలు తవ్వాను. మూడు వేల లైకుల్లో మా ఊరికి పాతిక మైళ్ళ లోపల ఉన్నవారు 60 మంది కూడా లేరు. మిగతావన్నీ హైదరాబాదు, విజయవాడ, గుంటూరు వైపువి. ఇందులో మోసమేమీ లేదు. నేను లైకులు కావాలన్నాను, అది లైకులు ఎక్కడ చవగ్గా దొరికితే అక్కడికి వెళ్ళి తెచ్చింది. అమెరికాలో ఒక మనిషి కంటికి ప్రకటన చూపించడానికి పోటీ పడేవారు చాలామంది కాబట్టి ధర ఎక్కువ. అదే తెలుగు మనిషికి ఇండియాలో చూపిస్తే ధర తక్కువ. లైకుకి రేటు కట్టినప్పుడు యంత్రం ఏ దేశం వైపు మొగ్గుతుందో చెప్పడానికి ఎం.ఎస్. అక్కర్లేదు.

దీంట్లో మొదటి పాఠం ఇదే. మీకు కావలసిందేమిటో అదే అడగండి. టికెట్లు కావాలంటే టికెట్లని లక్ష్యంగా పెట్టండి. నాట్యం క్లాసుకి పిల్లలు కావాలంటే మీ ఊరి చుట్టూ ఎంత దూరం నుంచి తల్లిదండ్రులు కారు నడిపి తీసుకొస్తారో అంతే గీత గీయండి.

వేలంపాట కథ

ప్రకటనలకు ధర ఎలా పడుతుందో తెలిస్తే సగం భయం పోతుంది. వెబ్ మీద పేరుపడ్డ మొదటి బ్యానరు ప్రకటనలు 1994 అక్టోబరులో హాట్‌వైర్డ్‌ పత్రికలో వచ్చాయి. అప్పట్లో పేపరులో లాగే ఇన్ని రోజులకు ఇంత అని రేటు. 1998లో గోటూ డాట్‌కామ్ అనే సంస్థ వెతుకుడు మాటలను వేలానికి పెట్టింది. ఎవరు ఎక్కువ పాడితే వారి ప్రకటన పైన. తర్వాత అది ఓవర్చర్ అయింది, 2003లో యాహూ కొనేసింది. గూగుల్ తన యాడ్‌వర్డ్స్‌ని 2000లో మొదలుపెట్టి, 2002లో ఆ వేలానికి ఒక మెలిక పెట్టింది. పాట ఒక్కటే కాదు, ప్రకటనను ఎంతమంది నొక్కుతారన్నది కూడా లెక్కలోకి తీసుకుంది. 2018 నుంచి దాని పేరు గూగుల్ యాడ్స్.

ఒక ఉదాహరణ చూద్దాం. "కూచిపూడి క్లాసులు" అని ఎవరో వెతికారు. సుబ్బారావుగారు ఒక్కో క్లిక్కుకి 4 డాలర్లు పాడారు. కానీ ఆయన ప్రకటన చప్పగా ఉంది, చూసిన నూరు మందిలో ఒక్కరే నొక్కుతారు. లక్ష్మిగారు 2 డాలర్లే పాడారు. ఆమె ప్రకటనలో ఊరి పేరు, వయసు, క్లాసు జరిగే రోజు స్పష్టంగా ఉన్నాయి, నూరు మందిలో ఐదుగురు నొక్కుతారు. సుబ్బారావుగారి మార్కులు 4 × 1 = 4. లక్ష్మిగారివి 2 × 5 = 10. పైన నిలిచేది లక్ష్మిగారే!

అంతేకాదు, ఆమె పూర్తి 2 డాలర్లు కట్టనక్కర్లేదు. కింది వారిని దాటడానికి ఎంత కావాలో అంత కడితే చాలు. 4ని 5తో భాగిస్తే 80 సెంట్లు, పైన మరో సెంటు వేసుకోండి. సుబ్బారావుగారు పాడినదాంట్లో అయిదో వంతుకి ఆమె పై మెట్టు ఎక్కారు. గెలిచినవాడు రెండోవాడి ధర కట్టే వేలాన్ని విలియం విక్రీ అనే ఆర్థికశాస్త్రవేత్త 1961లో విశ్లేషించాడు, 1996లో ఆయనకు నోబెల్ బహుమతి వచ్చింది. దానికి దగ్గరి చుట్టమే ఈ పద్ధతి. ఇవాళ్టి లెక్కలో ఇంకా ఎన్నో అంశాలు కలిశాయి కానీ మూలసూత్రం మారలేదు. చూసేవాడికి పనికొచ్చే ప్రకటన రాసినవాడికి ధర తగ్గుతుంది. డబ్బున్నవాడిదే రాజ్యం అనుకుని వెనక్కి తగ్గే చిన్నవాళ్ళు ఈ సంగతి గుర్తుపెట్టుకోవాలి.

అద్దె ఇల్లు, సొంత ఇల్లు

"ప్రకటన ఎందుకు, మన పేజీకి మూడు వేల మంది ఉన్నారు కదా, అందులో పెడితే అందరికీ చేరుతుంది" అని మా కమిటీలో ఒక పెద్దాయన అన్నారు. చేరదు. ఫేస్‌బుక్ 2006 సెప్టెంబరులో న్యూస్ ఫీడ్ తెచ్చినప్పటి నుంచీ ఎవరికి ఏది చూపించాలో నిర్ణయించేది దాని లెక్కల సూత్రమే. 2018 జనవరిలో అయితే పేజీల పోస్టులకంటే బంధుమిత్రుల పోస్టులకే ముందు చోటిస్తామని బాహాటంగా ప్రకటించింది. మిమ్మల్ని ఇష్టపడి లైకు కొట్టినవాడికి కూడా మీ మాట చేరుతుందన్న హామీ లేదు. దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడంటే ఇదే.

సోషల్ నెట్‌వర్కులో పేజీ అంటే అద్దె ఇల్లు. మేకు కొట్టాలన్నా ఇంటి యజమాని ఊ అనాలి. మీ సొంత ఇల్లు మీ వెబ్‌సైటూ, మీ ఈమెయిలు జాబితానూ. ఆ జాబితా కూడా ఎక్కడినుంచో ఎత్తుకొచ్చింది కాకూడదు. సేథ్ గోడిన్ 1999లో "పర్మిషన్ మార్కెటింగ్" అనే పుస్తకం రాశాడు. పిలవని పేరంటానికి వెళ్ళి గొంతు చించుకోవడం కంటే, వినడానికి ఒప్పుకున్నవారితో మర్యాదగా మాట్లాడడం మేలని దాని సారాంశం.

అమెరికాలో చట్టం కూడా ఉంది. 2004 జనవరి 1 నుంచి అమలులో ఉన్న కాన్-స్పామ్ చట్టం ప్రకారం అమ్మకాల ఈమెయిలులో మోసపు శీర్షిక ఉండకూడదు, మీ పోస్టల్ చిరునామా ఉండాలి, ఇక వద్దు అని చెప్పే దారి ఉండాలి, వద్దన్నవారిని పది పనిదినాల లోపల జాబితాలోంచి తీసేయాలి. పచ్చళ్ళమ్మే అత్తయ్యగారికైనా ఇది వర్తిస్తుంది. లైకులూ పొగడ్తలూ కొనుక్కునే ఆలోచన ఉంటే అదీ మానుకోండి. వ్యాపారం కోసం దొంగ సమీక్షలు, దొంగ ఫాలోయర్లు కొనడం, అమ్మడం మీద ఫెడరల్ ట్రేడ్ కమిషన్ నిషేధం 2024 అక్టోబరు నుంచి అమలులోకి వచ్చింది.

ఎటు నుంచి వచ్చారు?

ఒక ఏడాది విరామం తర్వాత కిందటి ఉగాదికి కమిటీ మళ్ళీ నన్నే పిలిచింది. వద్దన్నాను. "పోగొట్టుకున్న చోటే వెతుక్కోవాలి" అన్నారు కోశాధికారిగారు. ఈసారి ఒక చిన్న పేజీ చేశాం. తేదీ, సమయం, చోటు, ధర, టికెట్టు బటను, అన్నీ ఫోనులో వేలు జరపకుండానే కనబడేలా. ప్రకటనకు 150 డాలర్లే, పాతిక మైళ్ళ లోపలే, లక్ష్యం టికెట్లే.

అన్నిటికంటే పనికొచ్చింది ఇంకొకటి. ఈమెయిలుకి ఒక లింకు, వాట్సాప్‌కి ఒకటి, ప్రకటనకు మరొకటి ఇచ్చాం. పేజీ ఒక్కటే, లింకు చివర తగిలించిన గుర్తు వేరు. వీటిని యూటీఎం గుర్తులంటారు. 2005లో గూగుల్ కొన్న అర్చిన్ అనే సంస్థ పేరులోంచి వచ్చిన మాట అది. ఎవరు ఏ దారిన వచ్చి టికెట్టు కొన్నారో గూగుల్ ఎనలిటిక్స్‌లో ఉచితంగా కనబడుతుంది.

మొత్తం 310 టికెట్లు అమ్ముడయ్యాయి. ఈమెయిలు ద్వారా 128, వాట్సాప్ ద్వారా 97, ప్రకటన ద్వారా 21. మిగతా 64 మంది ఫోనులో చెబితే వచ్చినవారు, గుడి దగ్గర విని వచ్చినవారు. ప్రకటన మీద ఒక్కో టికెట్టుకీ ఏడు డాలర్ల పైన ఖర్చయింది, మా టికెట్టు 15 డాలర్లు. నష్టం లేదు, గొప్పా లేదు. అయితే ఆ 21 మందిలో చాలామంది ఊరికి కొత్తగా వచ్చినవారు, మా ఈమెయిలు జాబితాలో లేనివారు. పాతవారిని పిలవడానికి ఈమెయిలు, కొత్తవారిని వెతకడానికి ప్రకటన అని అప్పుడర్థమైంది.

ఎవరిని చదవాలి?

ఈ విషయాల మీద రోజుకో కొత్త గురువు పుట్టుకొస్తున్నాడు. నన్నడిగితే ముగ్గురు చాలు. గోడిన్ గురించి పైన చెప్పాను. రెండోవారు భారతీయ మూలాలున్న అవినాష్ కౌశిక్. ఆయన "వెబ్ ఎనలిటిక్స్: ఏన్ అవర్ ఎ డే" 2007లో వచ్చింది. పరికరాల తెరలు మారిపోయాయి, లెక్కని చూసి నిర్ణయం తీసుకునే అలవాటు మాత్రం ఇప్పటికీ అందులో నేర్చుకోవచ్చు. మూడోవారు క్లాడ్ హాప్కిన్స్. ఆయన "సైంటిఫిక్ అడ్వర్టైజింగ్" 1923 నాటిది! ప్రకటనలో కూపను పెట్టి, ఎన్ని తిరిగొచ్చాయో లెక్కపెట్టి, ఏ ప్రకటన పనిచేసిందో తేల్చేవాడు. మనం లింకు చివర తగిలించే గుర్తు ఆ కూపనుకి ముని మనవడు.

సంఘాల వారికి మరో మాట. 501(సి)(3) గుర్తింపు ఉండి, గూగుల్ నిబంధనలకు సరిపోయే లాభాపేక్ష లేని సంస్థలకు యాడ్ గ్రాంట్స్ కింద నెలకు 10,000 డాలర్ల విలువ దాకా సెర్చ్ ప్రకటనలు ఉచితం. నూటికి ఐదు క్లిక్కులైనా రావాలన్న షరతు ఉంది, అంటే లక్ష్మిగారిలా రాయాలి. అర్హత ఉండీ దీని సంగతి తెలియని సంఘాలు మనలో ఎన్నో.

ఉగాది రోజున పంచాంగ శ్రవణం అయ్యాక కోశాధికారిగారు నా పక్కన కూర్చుని నిండిన కుర్చీల వైపు చూశారు. "మన పేజీకి ఇప్పుడెన్ని లైకులోయ్?" అని అడిగారు. చూడలేదండీ అన్నాను. నిజంగానే చూడలేదు.