నాచు మేసే చిన్ని చేప

గాజుతొట్టిలో ఒక మూల, రాతి కన్నంలో నుండి రెండు కళ్ళు బయటికి చూస్తూ ఉంటాయి. ఒక కన్ను మీవైపు తిరిగి ఉంటే, రెండవది వేరొక దిక్కును గమనిస్తూ ఉంటుంది. కొంతసేపటికి ఆ ప్రాణి మెల్లగా వెలువడి, రాతిమీద వాలి, రెక్కలను ఆనించి తీరికగా కూర్చుంటుంది. దాని పేరు బ్లెన్నీ.

ఉప్పునీటి అక్వేరియం ప్రియులు ముచ్చటపడి పెంచుకునే బ్లెన్నీలలో ముఖ్యమైనది, శాస్త్రజ్ఞులు 'సలేరియస్ ఫాసియేటస్' అని పిలిచే జాతి. ఎర్రసముద్రం, తూర్పు ఆఫ్రికా తీరం మొదలుకొని పసిఫిక్ మహాసముద్రంలోని సమోవా దీవుల వరకు, లోతు తక్కువగా ఉండే పగడపు దిబ్బలలో ఇది నివసిస్తుంది. పొడవు సుమారు 14 సెంటీమీటర్లకు మించదు. దీని ఒంటిపై పొలుసులు ఉండవు. ఇతర చేపలను నీటిలో తేల్చి ఉంచే గాలితిత్తి కూడా దీనికి లేదు. అందువలన ఇది ఒక రాతి నుండి మరొక రాతికి గెంతుతూ కాలం గడుపుతుంది. దువ్వెన వంటి సన్నని పళ్ళతో రాతిమీది పలుచని నాచును గీకి తింటుంది.

ఈ సుగుణమే దానికి శత్రువవుతున్నది. గాజుపలకలపై నాచు కనిపించగానే, దానిని వదిలించుకునే ఉపాయంగా చాలామంది ఈ చేపను కొనితెస్తారు. కొద్ది వారాలలో తొట్టి తళతళలాడుతుంది. యజమాని సంతోషిస్తాడు. కాని తొట్టి శుభ్రపడిన నాడే చేపకు ఆకలి ఆరంభమవుతుంది. అది యథాప్రకారం రాళ్ళను గీకుతూనే ఉంటుంది గనుక ఎవరికీ అనుమానం కలుగదు. గుండ్రంగా ఉండవలసిన పొట్ట లోపలికి పీక్కుపోయి కనిపించేసరికి తరచుగా ఆలస్యమైపోతుంది.

నివారణకు కావలసినది ఓర్పు. కొత్త తొట్టిలో అమ్మోనియాను నైట్రైటుగా, నైట్రైటును నైట్రేటుగా మార్చే బాక్టీరియా నెలకొనడానికే సాధారణంగా 4 నుండి 6 వారాలు పడుతుంది. రాళ్ళపై నాచు చక్కగా పట్టడానికి మరికొన్ని నెలలు ఆగవలసి ఉంటుంది. ఆ తరువాతనే చేపను తేవాలి. కొనే ముందు, దుకాణంలో అది మేత తినడం కళ్ళారా చూడాలి. ఎండబెట్టిన సముద్రపు నాచు, స్పైరులినా కలిపిన మేత అలవాటు చేయాలి. వెనుక పలకను తోమకుండా విడిచిపెట్టడం మంచిది.

నీటి సాంద్రత 1.025 దరిదాపులలోను, ఉష్ణోగ్రత 24 నుండి 27 డిగ్రీల సెంటిగ్రేడు మధ్యను ఉండాలి. ఆవిరైపోయిన నీటికి బదులు ఉప్పు కలపని శుద్ధజలమే పోయాలి. ఎందుకంటే నీరు ఆవిరైనా ఉప్పు తొట్టిలోనే మిగులుతుంది. బ్లెన్నీ బెదిరితే బయటికి దూకగలదు కాబట్టి తొట్టిపై మూత తప్పనిసరి. తన జాతివానిని తరిమికొడుతుంది గనుక చిన్న తొట్టిలో ఒక్కదానినే ఉంచాలి.

అమ్మకానికి వచ్చే ఈ చేపలలో అధికభాగం పగడపు దిబ్బల నుండి పట్టి తెచ్చినవే. అక్కడ దానికి మేత కరవు లేదు. ఇక్కడ మన చేతిలోనే ఉంది. పశువును కొనే ముందు రైతు తన గడ్డివామి వంక చూసుకుంటాడు. బ్లెన్నీని కోరుకునేవారూ అదే చేయాలి. ఇంటికి వచ్చిన అతిథి, గాజు పచ్చబడిందేమని అడిగితే సిగ్గుపడనక్కరలేదు. అది మురికి కాదు, ఒక చిన్న ప్రాణికి మేతబీడు.