జేబులో రేడియో కేంద్రం

బాలలూ! సెల్‌ఫోను చూడనివారు మీలో ఎవరూ ఉండరు. కాని అది ఒక చిన్న రేడియో కేంద్రమని ఎందరికి తెలుసు? ఇంట్లోని రేడియో పెట్టె ఆకాశవాణి పంపే తరంగాలను అందుకుంటుందేగాని, తిరిగి జవాబు చెప్పదు. సెల్‌ఫోను అలా కాదు. మీరు "హలో" అనగానే ఆ మాటను రేడియో తరంగాల మీద ఎక్కించి టవరుకు పంపుతుంది.

ఈ తరంగాలు మనకు హాని చేస్తాయా? చాలామంది పెద్దలకు ఈ భయం ఉన్నది. సంగతేమిటో చూద్దాం.

900 మెగాహెర్ట్‌జ్ మీద పనిచేసే ఫోను తరంగం సెకనుకు 90 కోట్ల సార్లు ఊగుతుంది. అబ్బో అనుకోకండి! మనం చూసే వెలుతురు అంతకంటె కొన్ని లక్షల రెట్లు వేగంగా ఊగుతుంది. ఎక్స్-రేల వేగం ఇంకా ఎక్కువ. అవి శరీరంలోని అణువులను దెబ్బ తీయగలవు. ఫోను తరంగాలకు అంత శక్తి లేదు. అవి శరీరంలో ఇంకి, కొద్దిగా వేడి పుట్టిస్తాయి.

ఆ వేడికి ఒక హద్దు ఉన్నది. 2012 సెప్టెంబరు 1 నుంచి మన దేశంలో అమ్మే ఫోను శరీరంలోకి ఇంకించే శక్తి కిలోగ్రాముకు 1.6 వాట్లు మించరాదు. ఈ కొలతను "సార్" అంటారు. మీ బడిలో సారు కాదు సుమా! దీన్ని కొలవటానికి మనిషి తల ఆకారంలో ఉన్న పాత్రలో ప్రత్యేకమైన ద్రవం పోస్తారు. పక్కనే ఫోను పెట్టి, యంత్రపు చేతితో ఆ ద్రవంలో అంగుళం అంగుళం పరీక్షిస్తారు. చాలా ఫోన్లలో *#07# అని నొక్కితే ఆ ఫోను "సార్" విలువ కనబడుతుంది. ఇంట్లో పెద్దలను అడిగి చూడండి.

2011లో ప్రపంచ ఆరోగ్య సంస్థవారి క్యాన్సరు పరిశోధనా విభాగం ఈ తరంగాలను "హాని చేయవచ్చునేమో" అనే పట్టికలో చేర్చింది. తరవాత ఆ సంస్థ కోరగా నిపుణులు ఎన్నో పరిశోధనలను కలిపి పరిశీలించారు. సెల్‌ఫోనుకూ మెదడు క్యాన్సరుకూ సంబంధం కనబడలేదని 2024లో తేల్చారు.

ఇప్పుడొక వింత వినండి. పక్కనున్న వాడితో గుసగుసలాడితే చాలు. చెరువు అవతలి గట్టు మీది వాణ్ణి పిలవాలంటే కేక వేయాలి గదా! ఫోనూ అంతే. టవరు దగ్గరగా ఉంటే మెల్లగా మాట్లాడుతుంది, దూరమైతే బలం పెంచుతుంది. ఊళ్ళో టవరే వద్దని పట్టుపడితే, చెవి పక్కనున్న ఫోను మరింత గట్టిగా కేక వేస్తుందన్నమాట! టవర్లకూ హద్దులున్నవి. 2012లోనే వాటిని అంతర్జాతీయ పరిమితిలో పదో వంతుకు తగ్గించారు.

ఇక రెండో సంగతి: ఇరుగు పొరుగు యంత్రాలకు అడ్డు తగలటం. 2జీ ఫోనును రేడియో పెట్టె దగ్గర ఉంచి, ఎవరినైనా పిలవమనండి. మోగబోయే ముందు రేడియో "బుర్ర్" మంటుంది. ఆ ఫోను సెకనుకు సుమారు 217 సార్లు ఆగి ఆగి తరంగాలను పంపటమే దానికి కారణం. విమానంలో పైలటు చెవిలోనూ ఇలాంటి రొద వినబడవచ్చు. అందుకే అక్కడ ఫోనును ఫ్లైట్ మోడులో పెట్టమంటారు. గుండెకు పేస్‌మేకరు అమర్చిన తాతగారు ఇంట్లో ఉంటే, ఫోనును చొక్కా జేబులో పెట్టనివ్వకండి. పేస్‌మేకరుకు కనీసం 15 సెంటీమీటర్ల దూరంలో ఉండాలి. మాట్లాడేటప్పుడు రెండో వైపు చెవి దగ్గర పెట్టుకోమనండి. అనుమతి లేని సిగ్నల్ బూస్టర్లు బిగించటం మన దేశంలో నేరం. వాటివల్ల ఇరుగు పొరుగువారి ఫోన్లు పలకకుండా పోవచ్చు.

మనం చేయవలసింది సులభం. దూరం రెట్టింపయితే తరంగాల బలం సుమారు నాలుగో వంతుకు పడిపోతుంది. కనుక చాలాసేపు మాట్లాడవలసివస్తే ఇయర్‌ఫోను గాని, స్పీకరు గాని వాడండి. సిగ్నల్ సన్నగిల్లిన చోట మాట క్లుప్తంగా ముగించండి. నిద్రపోయేటప్పుడు ఫోనును తలగడ కింద పెట్టకండి.

నిప్పును చూసి పారిపోయినవాడు అన్నం వండుకోలేడు. దానితో ఆడుకున్నవాడు చేయి కాల్చుకుంటాడు. కొలత తెలిసి వాడుకున్నవాడే సుఖపడతాడు. ఫోను సంగతీ అంతే!