బుడమేరు మునకలో ఊరి ఆస్తికి ధీమా ఎవరు?

2024 సెప్టెంబరు. విజయవాడలోని సింగ్‌నగర్, పాయకాపురం, రాజరాజేశ్వరిపేట వీధుల్లో బుడమేరు వాగు నీళ్లు తీస్తున్నకొద్దీ బురదలోంచి బళ్లు బయటపడ్డాయి. సీటు కింద ఒండ్రు, సైలెన్సర్ వంచితే నల్లటి నీళ్లు. బీమా క్లెయిముల కోసం సబ్ కలెక్టర్ కార్యాలయంలో ప్రత్యేక కేంద్రం తెరిచారు. ఏళ్ల తరబడి డిక్కీలో పడి ఉన్న పాలసీ కాగితాన్ని జనం శ్రద్ధగా చదివేది ఇలాంటప్పుడే. థర్డ్ పార్టీ పాలసీ ఎదుటివాళ్లకు జరిగిన నష్టానికే పనికొస్తుంది, సొంత బండి మునిగితే పైసా రాదు. ఫుల్ ఇన్సూరెన్స్ ఉన్నా, నీళ్లు పోయిన ఇంజిన్‌ను స్టార్ట్ చేసి పాడుచేసుకుంటే, ఇంజిన్ రక్షణకు విడిగా డబ్బు కట్టి ఉంటే తప్ప మామూలుగా ఒప్పుకోరు.

బండి సంగతి సరే. అదే నీళ్లలో మునిగే వీధిదీపాలు, మురుగునీటి పంపులు, కోసుకుపోయే రోడ్లు ఊరి ఆస్తి. వాటి మాటేమిటి?

ఇళ్లకు అప్పులిచ్చే బ్యాంకు బీమా చేయించమని పట్టుబడుతుంది. మున్సిపాలిటీ తన పంపుహౌస్‌కు, ఆఫీసు భవనానికి వరద బీమా తీసుకుని తీరాలనే చట్టం మాత్రం లేదు. వాహనాల విషయంలోనే చట్టం గట్టిగా ఉంది. 1988 మోటారు వాహనాల చట్టం 146వ సెక్షన్ ప్రకారం రోడ్డెక్కే బండికి థర్డ్ పార్టీ బీమా ఉండాల్సిందే. వ్యాపారానికి వాడని ప్రభుత్వ జీపుకు నేరుగా మినహాయింపు ఉంది. మున్సిపాలిటీ చెత్త లారీకి అలా లేదు. ప్రమాద పరిహారం చెల్లించడానికి ఒక నిధి పెట్టి, దాన్ని నిలబెట్టుకుంటేనే ప్రభుత్వం మినహాయించగలదు. ఆర్టీసీ వంటి రవాణా సంస్థలకూ ఇదే దారి. బీమా కంపెనీకి ప్రీమియం కట్టు, లేదంటే నీ డబ్బు నువ్వే పక్కన పెట్టుకో. ఎంత సూటైన సూత్రం! దీన్ని పంపులకూ రోడ్లకూ ఎందుకు వర్తింపజేయలేదన్నది అడగాల్సిన ప్రశ్న.

ఊరు నష్టపోవడం ఒక ఎత్తు, ఊరి వల్ల మనిషి నష్టపోవడం మరో ఎత్తు. 1951లో ఢిల్లీ చాందినీ చౌక్‌లో గడియార స్తంభం కూలి జనం చనిపోయారు. నిర్వహణ చూడాల్సిన మున్సిపాలిటీదే బాధ్యత అని 1966లో సుప్రీంకోర్టు తేల్చింది. 2023 అక్టోబరులో అదే కోర్టు, మురుగు కాలువలో దిగి చనిపోయే ప్రతి కార్మికుడి కుటుంబానికి 30 లక్షల రూపాయలు ఇవ్వాలంది. చిన్న పురపాలక సంఘానికి ఇలాంటి తీర్పు ఒక్కటి వచ్చినా బడ్జెట్ తలకిందులవుతుంది. అసలు మనిషిని మ్యాన్‌హోల్‌లోకి దించకపోవడమే చేయాల్సిన పని. ఏ బీమా అయినా దాని తర్వాతే.

వరద నష్టానికి ఇప్పుడున్న దిక్కు రాష్ట్ర విపత్తు నిధి. ఆంధ్రప్రదేశ్‌లో అందులో 75 శాతం కేంద్రం, 25 శాతం రాష్ట్రం వేస్తాయి. 2024 వరదల్లో రాష్ట్రం నష్టాన్ని ప్రాథమికంగా దాదాపు 6,880 కోట్లుగా లెక్కగట్టింది. అక్టోబరు 1న కేంద్రం ప్రకటించిన సాయంలో ఆంధ్ర వాటా 1,036 కోట్లు. మునిగిన ఇంటికి కింది అంతస్తయితే 25 వేలు, పై అంతస్తులకు 10 వేలు రాష్ట్రం ఇచ్చింది. గుక్కెడు నీళ్లు దొరకని ఇంటికి అది పెద్ద ఆసరా, ఇవ్వాల్సిందే. అయితే ఇళ్లకు పంచాక పంపులకు, కల్వర్టులకు ఎంత మిగులుతుందో, ఎప్పుడు చేతికొస్తుందో ముందుగా రాసిపెట్టుకున్న ఒప్పందమేదీ ఉండదు.

నాగాలాండ్ వేరే దారి తొక్కింది. దేశంలో పారామెట్రిక్ విపత్తు బీమా తీసుకున్న మొదటి రాష్ట్రం అదే. ఈ పద్ధతిలో సర్వేయర్ వచ్చి గోడ గోడా కొలవడు. వాన ఇన్ని మిల్లీమీటర్లు దాటితే ఇంత అని ముందే రాసుకుంటారు, గీత దాటితే డబ్బు వస్తుంది. చిక్కూ అందులోనే ఉంది. 2024లో విజయవాడను ముంచింది ఊళ్లో కురిసిన వాన ఒక్కటే కాదు, ఎగువ నుంచి వచ్చిన వరదకు బుడమేరు కట్టకు మూడు చోట్ల పడిన గండ్లు కూడా. వానను మాత్రమే కొలిచే పాలసీ ఇక్కడ చాలదు, ఏటి మట్టాన్నీ లెక్కలోకి తీసుకోవాలి.

అమెరికాలో తాగునీటికి, అగ్నిమాపకానికి విడివిడిగా చిన్న స్థానిక మండళ్లుంటాయి. ఒంటరిగా ప్రీమియం భారమైన చోట అవి కూడి ఉమ్మడి నిధి నడుపుకుంటాయి. 1997 చట్టంతో పుట్టిన మన సాగునీటి సంఘాలకూ, డెల్టా పంచాయతీలకూ ఈ ఆలోచన నప్పుతుంది. కాకపోతే ఒకే వరద అందర్నీ ఒకేసారి ముంచే చోట కృష్ణా డెల్టా ఊళ్లు మాత్రమే కూడితే లాభం లేదు, రాయలసీమ పట్టణాలూ కలవాలి. ఉమ్మడి నిధికీ ముప్పు తప్పదు. బ్రిటన్ స్థానిక సంస్థలు 1903లో పెట్టుకున్న మ్యూనిసిపల్ మ్యూచువల్ అనే బీమా సంస్థ 1992లో కొత్త పాలసీలు ఆపేసింది. పాత ఆస్బెస్టాస్ జబ్బుల క్లెయిముల భారం చివరికి ఆ కౌన్సిళ్ల మీదే పడింది.

ఏ దారిలో వెళ్లినా మొదట కావాల్సింది ఆస్తుల చిట్టా. ఏ పంపుహౌస్‌లో ఎన్ని హార్స్‌పవర్ మోటారు ఉంది, ఏ ఏడాది కొన్నారు, స్టార్టర్ బోర్డు నేలకు ఎన్ని అడుగుల ఎత్తున బిగించారు? 2024లో నీళ్లు నిలిచిన గీత కంటే ఆ బోర్డు పైన ఉందా, కింద ఉందా?