పాత జీపు పికప్పుకు రేకులు దొరికేదెక్కడ?

చింతచెట్టు కింద తుప్పు పట్టిన పాత పికప్పు కనబడితే చాలు, పాత ఇనుము కొనేవారు బేరానికి దిగుతారు. కిలోల లెక్కన కాటా వేసి పట్టుకుపోతారు. అదే బండిని బాగుచేయించి మళ్లీ రోడ్డెక్కించాలనుకున్నవారికి మాత్రం ఆ తుప్పు రేకే బంగారం. ఇంజను పనికి లేత్ షాపు ఉంది, మెకానిక్ ఉన్నాడు. తలుపు, మడ్‌గార్డు, క్యాబిన్ అడుగు రేకు కావాలంటేనే కాళ్లరిగేలా తిరగవలసి వస్తున్నది.

ఎఫ్.సి.-150 పికప్పు సంగతే చూద్దాం. బానెట్ ముందుకు పొడుచుకురాకుండా, ముఖం చదునుగా, డ్రైవరు సీటు బాగా ముందుకు ఉండే బండి ఇది. అమెరికాలో విల్లిస్ కంపెనీ 1956 చివర దీని తయారీ మొదలుపెట్టి 1960ల మధ్యలో ఆపివేసింది. మన దేశంలో మహీంద్రా కంపెనీ 1965 నుంచి తయారు చేసింది. ఇంత పాత బండికి, అందులోనూ తక్కువగా మిగిలిన బండికి, కొత్తగా రేకులు అచ్చుకొట్టి అమ్మేవారు అరుదు.

మామూలు విల్లిస్ జీపులకు ఈ ఇబ్బంది లేదు. వాటికి ఫిలిప్పీన్స్‌లో బాడీలకు బాడీలే తయారవుతున్నాయి. హర్యానాలోని మండీ డబ్వాలీ జీపు బాడీల పనికి పేరుపడ్డ ఊరు. కాని ఆ జీపు రేకులు ఈ పికప్పు క్యాబిన్‌కు అతకవు. 'జీపు రేకే కదా' అని కొంటే డబ్బు దండగ.

ముందు అయస్కాంతం

రేకుల వేటకు బయలుదేరేముందు ఏ రేకు పోయిందో తేల్చుకోవాలి. పైన రంగు నిగనిగలాడుతున్నా లోపల అంతా లప్పమే ఉండవచ్చు. చిన్న అయస్కాంతాన్ని బట్టలో చుట్టి బాడీ మీద జరుపుతూ పోతే గుట్టు బయటపడుతుంది. మందంగా లప్పం ఉన్నచోట అది పట్టుకోదు. కాళ్ల కింది రేకు, తలుపుల అడుగు అంచు, చక్రం పైన బురద పేరుకునే మూలలు, ముందు అద్దం రబ్బరు కింది భాగం ముందుగా తినిపోతాయి. నీరు నిలిచేచోటే తుప్పు పుడుతుంది.

ఎక్కడ వెతకాలి?

విజయవాడ జవహర్ ఆటోనగర్, మద్రాసు పుదుపేట, ఢిల్లీ మాయాపురి పాత బండ్ల సామానుకు పేరుపొందిన చోట్లు. అక్కడికి పోయేవారు నోటిమాటతో అడిగితే లాభం లేదు. కావలసిన రేకు ఫొటో, కొలతలు, బోల్టు రంధ్రాల మధ్య దూరం గుర్తించిన అట్టముక్క వెంట ఉండాలి.

పల్లెల్నీ మరచిపోకూడదు. పాత తలుపు ఏ కోళ్లగూటికో అడ్డుగా ఉండవచ్చు. వెనక తొట్టి పశువుల కుడితి తొట్టిగా మారి ఉండవచ్చు. పెరట్లో అలాంటివి ఉన్నవారు ఇనుము ధరకు తెగనమ్మేముందు పాత బండ్ల మెకానిక్‌ను ఒక మాట అడిగితే మంచిది. కొనేవారు ఎవరి దగ్గర కొన్నా చీటీ రాయించుకోవాలి. ఛాసిస్ నంబరున్న ముక్కను మాత్రం ముట్టుకోకూడదు. రేకుతో పాటు కేసు కూడా ఇంటికి వస్తుంది.

దొరక్కపోతే చేయించడమే

తొట్టి పక్కరేకులు, అడుగు రేకులు చాలావరకు చదునుగా ఉంటాయి. లారీ బాడీలు కట్టేవారు వాటిని రేకులు వంచే యంత్రం మీద చేసివ్వగలరు. పాత రేకు మందం కొలిచి అదే మందం తీసుకోవాలి. 18 గేజి రేకు అంటే సుమారు 1.2 మిల్లీమీటర్లు. వంపు తిరిగిన మూలలకు సుత్తి, దిమ్మెతో పని తెలిసిన టింకర్ కావాలి.

తుప్పు పట్టినంత మేర గట్టి ఇనుము తగిలేదాకా కోసి, అంతే ముక్కను అంచుకు అంచు చేర్చి అతికించాలి. రేకు మీద రేకు వేస్తే సందులో నీరు చేరి మళ్లీ మొదటికి వస్తుంది. వెల్డింగు ఏకధాటిగా లాగితే వేడికి రేకు వంకర పోతుంది. అక్కడో చుక్క, ఇక్కడో చుక్క పెట్టుకుంటూ పోవాలి. తలుపు అడుగున నీరు కారే రంధ్రాలను మూయకూడదు.

కాగితాల సంగతి

1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ప్రకారం, తయారీ కంపెనీ మొదట ఇచ్చిన వివరాలకు భిన్నంగా బండిని మార్చకూడదు. పోయిన రేకు స్థానంలో అలాంటి రేకే వేయడం వేరు, బండి రూపమే మార్చడం వేరు. 50 ఏళ్లు దాటిన బండ్లకు కేంద్రం 2021లో తెచ్చిన వింటేజ్ రిజిస్ట్రేషన్ నిబంధనలు కూడా ఛాసిస్, బాడీ, ఇంజను అసలు రూపంలోనే ఉండాలంటున్నాయి. ఆ సదుపాయం వ్యాపారానికి వాడని బండ్లకే. కనుక ఆర్‌సీలో సరకుల బండి అని ఉంటే, పనికి డబ్బు పెట్టకముందే రవాణా శాఖ కార్యాలయంలో అడిగి తెలుసుకోవాలి.

అన్నిటికన్నా ముఖ్యమైన జాగ్రత్త మరొకటి ఉంది. కోసి తీసిన పాత రేకు జల్లెడలా ఉన్నా సరే పారవేయకూడదు. కొత్త రేకుకు అదే అచ్చు. బోల్టు ఎక్కడ, వంపు ఎంత అన్నది దానికే తెలుసు. కొత్త రేకు బండి మీద సరిగ్గా కూర్చుని, తలుపు చక్కగా పడినాకే పాతదాన్ని కాటాకెక్కించాలి.