దత్తత యందు తలిదండ్రుల సమ్మతి

మన కుటుంబములలో దత్తత కొత్త మాట కాదు. పిల్లలు లేని అక్క యింటికి చెల్లెలి బిడ్డను పంపుట, అన్నగారి కుమారుని తమ్ముడు పెంచుకొనుట మనము చూచుచున్నదే. పురోహితుడు వచ్చును, బంధువులు భోజనములు చేసి వెళ్లుదురు, కార్యము ముగియును. కాని నాడు ఆ బిడ్డ కన్నతల్లిని ఎవరైనను అడిగిరా? ఆమె మనసార ఒప్పుకొనినదా? ఇరువది యేండ్ల తరువాత ఆస్తి తగాదా న్యాయస్థానమున కెక్కినప్పుడు ఈ ప్రశ్నయే దత్తపుత్రుని భవిష్యత్తును నిర్ణయింపవచ్చును.

పూర్వపు హిందూ ధర్మశాస్త్రమున కుమారుని దత్తత నిచ్చు అధికారము ప్రధానముగా తండ్రిది. తల్లి యిష్టపడకున్నను ఆయన యిచ్చిన దత్తత చెల్లెడిది. 1956వ సంవత్సరపు హిందూ దత్తత, మనోవర్తి చట్టము ఈ స్థితిని మార్చి, తల్లి సమ్మతి లేక తండ్రి బిడ్డను ఈయరాదని విధించినది. 2010లో వచ్చిన సవరణ తలిదండ్రులకు సమానాధికారము నిచ్చినది. ఇప్పుడు ఇరువురిలో ఎవరు ఈయదలచినను రెండవవారి సమ్మతి పొందవలెను. ఈ చట్టము హిందువులతోపాటు బౌద్ధులకు, జైనులకు, సిక్కులకు కూడ వర్తించును.

ఈ నియమమునకు మినహాయింపులు మూడే. రెండవవారు పూర్తిగా సన్యసించి యుండవలెను. లేదా హిందూమతమును విడిచి యుండవలెను. లేదా మతిస్థిమితము లేనివారని న్యాయస్థానము ప్రకటించి యుండవలెను. భార్యాభర్తలు కలహించి వేరుగా నుండుట ఈ మూడింటిలో చేరలేదు. తలిదండ్రులు జీవించి, బిడ్డను విడిచిపెట్టక యుండగా తాతకు గాని మేనమామకు గాని, ఎంత ప్రేమతో పెంచినను, ఆ బిడ్డను దత్తత నిచ్చు అధికారము లేదు. ఇరువురును మరణించినచో సంరక్షకుడు ముందుగా న్యాయస్థానపు అనుమతి పొంది ఈయవచ్చును.

ఇక సమ్మతి యన నేమి? దత్తత తీసికొను భర్తకును భార్య సమ్మతి కావలెను. అట్టి వ్యాజ్యమొకదానిలో సుప్రీంకోర్టు 2011లో ఈ విషయమును విచారించినది. భార్య ఆ వేడుకలో ఉన్నంత మాత్రమున, మౌనముగా కూర్చున్నంత మాత్రమున, ఆమె సమ్మతించినట్లు కాదని ఆ తీర్పు సారాంశము. వ్రాతమూలకముగా గాని, స్పష్టమైన చర్యవలన గాని ఆ సమ్మతి తెలియవలెను.

దత్తహోమము జరుగకున్నను దత్తత చెల్లును. కాని బిడ్డను నిజముగా ఇచ్చి పుచ్చుకొనుట జరిగి తీరవలెను. ఇచ్చువారును పుచ్చుకొనువారును సంతకము చేసి రిజిస్టరు చేయించిన పత్రమున్నచో, దత్తత చట్టప్రకారము జరిగినదని న్యాయస్థానము భావించును. అది తప్పని మరొకరు రుజువు చేయవచ్చును గనుక పత్రమే సర్వస్వము కాదు.

నియమము తప్పిన దత్తత చెల్లదు. అప్పుడు బిడ్డకు పెంచిన యింట దత్తహక్కులు రావు. పుట్టినింటి హక్కులు మాత్రము పోవు. పాతికేండ్లు "నాన్నా" యని పిలిచిన వానికి ఆ యింట వారసత్వము లేదనుట ఎంత కష్టమో మనము ఊహింపవచ్చును. సక్రమముగా జరిగిన దత్తతను ఇచ్చినవారు గాని పుచ్చుకొనినవారు గాని రద్దు చేయజాలరు. తల్లి తరువాత కన్నీరు పెట్టుకొనినను బిడ్డ తిరిగి రాడు. ప్రతిఫలముగా సొమ్ము పుచ్చుకొనినచో ఆరు నెలల వరకు ఖైదు గాని, జరిమానా గాని, రెండును గాని విధింపవచ్చును.

పెంచలేని తలిదండ్రులకు 2015వ సంవత్సరపు బాలల న్యాయ చట్టము మతభేదము లేక మరొక మార్గము చూపినది. వారు శిశు సంక్షేమ సమితి యెదుట బిడ్డను అప్పగింపవచ్చును. సమితి విచారించి, వారికి నచ్చజెప్పి, పునరాలోచనకు రెండు నెలల గడు విచ్చును. బంధువుల నడుమ ఇంటిలో జరుగు దత్తతకు అట్టి గడువు చట్టములో లేదు. దానిని మనమే ఈయవలెను. ముహూర్తము పెట్టుటకు ముందే, పెద్దల ఒత్తిడి లేనిచోట, కన్నతల్లిని కూర్చుండబెట్టి అడుగుదము. ఆమె వలదన్నచో అంతటితో మానుదము.