అకాల స్తన్యం: కారణం వెదకకుండా మందు వద్దు

కొన్ని సంవత్సరాల క్రితం ఒక పెద్దామె తన కోడలిని వెంటబెట్టుకొని నా వద్దకు వచ్చారు. "అయ్యా, పెళ్ళయి ఏడాది దాటింది. ఐదు నెలలుగా బహిష్టు ఆగిపోయింది. పరీక్ష చేయిస్తే గర్భం కాదన్నారు" అని చెప్పారు. నేను నాడి చూచి, ఆహార విహారాలు విచారించి, శతావరి చూర్ణాన్ని పాలతో సేవించమని చెప్పి పంపాను.

నెల తరువాత ఆ అమ్మాయి ఒంటరిగా వచ్చింది. "రొమ్ముల నుంచి పాలు కారుతున్నాయండీ. మొన్న అత్తయ్య ముందు చెప్పలేకపోయాను" అని తల దించుకున్నది. శతావరి స్తన్యవృద్ధికి ప్రసిద్ధమైన ఓషధి. దానినే ఈమెకు ఇచ్చినందుకు నా మనస్సు కలత చెందింది. మొదటి రోజే అడుగవలసిన ప్రశ్న అప్పుడు అడిగాను: "అమ్మాయీ, వేరే మందులేమైనా వాడుతున్నావా?"

"కడుపులో మంటకు రోజూ ఒక గొట్టం మాత్ర అండీ. ఏడు నెలలైంది. మందుల షాపులో అడిగి తెచ్చుకుంటున్నాను" అన్నది. అట్ట తెప్పించి చూచాను. ఆమ్లాన్ని తగ్గించే మందుతో పాటు లెవోసల్పిరైడ్ అనే మందు కూడ అందులో ఉన్నది.

పాఠకులు ఇక్కడ ఒక విషయం గ్రహించాలి. మెదడు అడుగున బఠాణీ గింజంత పీయూష గ్రంథి ఉన్నది. బాలింతకు పాలు పడేటట్లు చేసే ప్రోలాక్టిన్ అనే హార్మోను దీని నుండే స్రవిస్తుంది. దాని పైభాగంలోని హైపోథలామస్, డోపమైన్ అనే ద్రవ్యాన్ని పంపి, ఈ ప్రోలాక్టిన్‌ను నిరంతరం అణచి ఉంచుతుంది. గుఱ్ఱానికి కళ్ళెం వంటిది డోపమైన్. లెవోసల్పిరైడ్, వాంతులకు వాడే డోంపెరిడోన్, మెటోక్లోప్రమైడ్, మానసిక వ్యాధులకు వాడే రిస్పెరిడోన్ వంటి మందులు డోపమైన్ పనిని అడ్డగిస్తాయి. కళ్ళెం సడలి ప్రోలాక్టిన్ పెరుగుతుంది. పాలు స్రవిస్తాయి, అండం విడుదల కాక బహిష్టు ఆగుతుంది.

ఆమెను ఎండోక్రైనాలజిస్టు వద్దకు పంపాను. రక్తంలో ప్రోలాక్టిన్ ఎక్కువగా ఉన్నదని తేలింది. ఆయన ఆ మాత్రను మాన్పించారు. నేను శతావరిని మాన్పించాను. మూడు వారాలలో పాలు ఆగాయి. రెండవ నెలలో బహిష్టు వచ్చింది. కారణాన్ని తొలగించడమే మొదటి చికిత్స అని మన శాస్త్రం చెప్పే నిదాన పరివర్జనం ఇదే.

అన్ని సందర్భాలలో కారణం మాత్రే కాదు. థైరాయిడ్ మాంద్యం వల్ల, పీయూష గ్రంథిలో కంతి వల్ల కూడ ప్రోలాక్టిన్ పెరుగుతుంది. కంతి ఉన్నవారికి డోపమైన్‌ను అనుకరించే కాబర్గోలిన్, బ్రోమోక్రిప్టిన్ మందులు ఇస్తారు. చాలామందికి శస్త్రచికిత్స లేకుండానే కంతి కుంచించుకుపోతుంది. బ్రోమోక్రిప్టిన్‌కు మూలం ధాన్యపు కంకులను పట్టే ఎర్గట్ అనే బూజు. మన దూలగొండి గింజలలో కూడ డోపమైన్‌గా మారే లెవోడోపా ఉన్నది. కాని దాని పాలు గింజ గింజకూ మారుతుంది. కనుక ఆ మందులకు బదులుగా దూలగొండి చూర్ణం వాడరాదు.

గుర్తుంచుకోవలసినవి:

1. బాలింత కాని స్త్రీకి పాలు స్రవించినచో సిగ్గుపడక వైద్యునికి చెప్పవలెను. కారణం తెలిసేవరకు శతావరి, మెంతులు వంటి స్తన్యవర్ధకాలు వాడరాదు.

2. వాడుతున్న ప్రతి మాత్ర అట్టను వైద్యునికి చూపవలెను.

3. మానసిక వ్యాధికి వాడే మందును సొంతంగా ఆపరాదు. ఇచ్చిన వైద్యుని అడిగి మార్పించుకొనవలెను.

4. వీటితో పాటు తలనొప్పి, ప్రక్క చూపు తగ్గడం కనిపించినచో ఆలస్యం తగదు. కంతి దృష్టి నాడులను ఒత్తుతూ ఉండవచ్చు.

5. కాబర్గోలిన్ వాడుతూ గర్భం ధరించినచో వెంటనే వైద్యునికి తెలుపవలెను.

ఆహారం, నిద్ర, మలమూత్రాల గురించి అడగడం గురుకులంలో నేర్చుకున్నాను. ఆ అమ్మాయి వచ్చి వెళ్ళిన నాటి నుండి, నాడి పట్టుకొనే ముందే మందుల అట్టలు బల్లమీద పెట్టమంటున్నాను.