పగడపు తొట్టిలో రాళ్ళ పేర్పు



నేను ముప్పదినాలుగు సంవత్సరములు ఉన్నతపాఠశాలలో తెలుగును, సంస్కృతమును బోధించి విశ్రాంతి గైకొన్నవాడను. నాబోటివాడు రాళ్ళను గూర్చి, అందును కడలి యడుగున నుండదగిన రాళ్ళను గూర్చి, ప్రసంగించుట మీకు వింతగా తోపవచ్చును. మూడేండ్ల క్రిందటివరకు నాకును ఈ విద్యతో పరిచయము లేదు. హైదరాబాదులో మా అబ్బాయి తన యింటి ముందుగదిలో నాలుగడుగుల పొడవును, రెండడుగుల వెడల్పును, అడుగున్నర యెత్తును గల గాజుతొట్టి నొకదానిని పెట్టించి, ఉప్పునీరు నింపి, అందు పగడపు జీవులను, చేపలను పెంచబూనెను. దీనినే రీఫ్ అక్వేరియము అందురు. అతనికి పగలంతయు కచేరీపని. “రాళ్ళు పేర్చే పని మీకే వదిలేస్తున్నాను, నాన్నగారూ. మీకు తీరిక ఉంది, ఓపిక ఉంది” అని నాతో ననెను. తీరికయు, ఓపికయు ఉన్నమాట నిజమే. తెలివి మాత్రము ఆలస్యముగా వచ్చినది. అది వచ్చిన విధమును నేడు మీకు మనవి చేయదలచితిని.

మా యింట సంక్రాంతికి బొమ్మలకొలువు పెట్టుట ఆచారము. నా చేతికి తెలిసిన పేర్పు అదియొక్కటే. కనుక తొట్టి యడుగున రెండంగుళముల మందమున ఇసుక పరచి, దానిమీద, వెనుక గాజునకు ఆనించి, ఈ చివరనుండి ఆ చివరవరకు మెట్లుమెట్లుగా 40 కిలోల రాళ్ళను పేర్చితిని. గాలను నీటికి ఒక పౌను రాయి వేయవలెనని కొంతకాలము క్రిందటివరకు ఒక లెక్క వాడుకలో నుండెను. మా 340 లీటర్ల నీటికి ఆ లెక్కచొప్పున అంతయే యగును. చూచినవారందరు బాగున్నదనిరి. నాకును లోలోపల గర్వముగనే యుండెను.

ఆరునెలలు గడచినవి. రాతిగోడకు వెనుకనున్న సందులలో చేపల మలమును, తినగా మిగిలిన మేతయు చేరి కుళ్ళసాగెను. గాజునకు రాయి ఆనియుండుటచే పాచి గీకుటకైనను చేయి దూరదు. ఇంతకంటె పెద్ద కీడు అడుగున జరుగుచుండెను. పిస్తోలు రొయ్య అను జీవి యొకటి మా తొట్టిలో కలదు. తన పెద్ద కొండిని చిటికెవలె మూసి టప్పుమని చప్పుడు చేయుటచే దానికాపేరు వచ్చినది. అది తెల్లవారినది మొదలు ఇసుక త్రవ్వి, మోసి, బయట పోయుచుండును. మన యేటి ఇసుకదొందులకు దాయాదియైన గోబీచేప యొకటి ఆ బొరియ ద్వారమున కావలి కాయును. రొయ్యకు చూపు మందము, చేపకు త్రవ్వుట చేతగాదు. అందుచే రెంటికిని ఒకటే కాపురము. నేను ముచ్చటపడి చూచుచుంటినే గాని, అది త్రవ్వుచున్నది నా మెట్లక్రింది పునాదినే యని గ్రహింపనైతిని.

ఒకనాటి రాత్రి రెండుగంటలవేళ పెద్ద చప్పుడైనది. దీపము వేసి చూడగా గోడ నడిమిభాగము కూలి, 4 కిలోల రాయి యొకటి ముందరి గాజునకు చేరగిలబడి యుండెను. గాజు పగులలేదు, గీత మాత్రము పడినది. అన్ని లీటర్ల ఉప్పునీరు, విద్యుత్తీగెలు ప్రాకియున్న ఆ గదిలోనికి అర్ధరాత్రివేళ పొర్లియున్నచో ఏమి జరిగియుండెడిదో తలచుకొన్న నేటికిని ఒడలు జలదరించును. క్లౌనుచేపలు రెంటిలో ఒకటి రాతిక్రింద నలిగిపోయినది. గోబీచేప మరి కనబడలేదు. రొయ్య మూడవనాడు ఏలాగుననో బయటపడినది. ఐదవ తరగతి చదువుచున్న నా మనుమరాలు ప్రొద్దున వచ్చి చూచి, “తాతయ్యా, అది తప్పించుకోలేకపోయిందా?” అని యడిగినది. నేనేమియు చెప్పలేకపోతిని. మా అబ్బాయి నన్నొక్కమాటయు ననలేదు. అది మరింత కష్టముగా నుండెను.

ఆ తరువాతనే నేను గ్రంథములు తిరుగవేసి, ఈ అభిరుచి గలవారి యిండ్లకు పోయి, అడిగి తెలిసికొనుట యారంభించితిని.

రాళ్ళు శోభకొరకని నేననుకొంటిని. అది మొదటి పొరపాటు. చేపలు విసర్జించు మలినమునుండి అమ్మోనియా పుట్టును. అది వానికే విషము. కంటికి కానరాని సూక్ష్మజీవులలో ఒక తెగ దానిని నైట్రైటుగను, వేరొక తెగ ఆ నైట్రైటును అంత హానికరము కాని నైట్రేటుగను మార్చును. రష్యాదేశీయుడగు వినోగ్రాడ్‌స్కీ పండితుడు 1890 ప్రాంతమున మన్నులోనుండి ఇట్టి సూక్ష్మజీవులను వేరుపరచి చూపెను. ఇవి గట్టి తావు నేదైన అంటిపెట్టుకొని బ్రతుకుట కిష్టపడును. బొరియలుబొరియలుగా నుండు రాయి వానికొక మహానగరము. ఆ రాతి లోతట్టున, ప్రాణవాయువు చాలని చోట, మరియొక తెగ నైట్రేటును విరిచి నత్రజనివాయువుగా విడిచిపెట్టును. అది గాలిలో కలిసిపోవును. తొట్టిలో పాకీపని చేయునది ముఖ్యముగా రాయియే.

జకార్తా నివాసియగు లీ చిన్ ఎంగ్ అనునతడు సముద్రపు రాళ్ళను వాని నంటియున్న ప్రాణులతో గూడ తొట్టిలో నుంచి, గాలిబుడగలు తప్ప వేరు సాధనము లేకయే పగడములను బ్రతికించి, ఆ విధమును 1961లో ఒక అమెరికా పత్రికలో ప్రకటించెను. పిదప బెర్లిను నగరవాసులు కొందరు దీనికి నీటిలోని జిడ్డును నురుగుగా తీసివేయు యంత్రమును, బలమైన దీపములను జతచేసిరి. నేటి తొట్లు చాలవరకు ఈ పద్ధతుల సంతతియే. అయితే రాయి తన పని చేయవలెనన్నచో నీరు దాని నన్నివైపుల తాకుచు పారవలెను. నేను కట్టిన గోడకు ముందువైపున మాత్రమే నీరు పారెను. 40 కిలోలు వేసియు సగము రాతిని వ్యర్థము చేసితినన్నమాట.

ఏ రాయి తేవలెనను ప్రశ్న యొకటి కలదు. మొదటనే ఒక వర్తకుడు కడలినుండి తీసిన పగడపురాళ్ళనే తెప్పించి యిత్తుననగా మా అబ్బాయి వలదనెను. మన్నారు సింధుశాఖలో రామేశ్వరము మొదలు తూత్తుకుడివరకు 21 దీవులును, వాని చుట్టును పగడపు దిబ్బలును కలవు. ఆ పగడమును దశాబ్దములపాటు త్రవ్వి, సున్నమునకును, కట్టడములకును పడవలకెత్తి తరలించిరి. అలల తాకిడికి అడ్డుగా నుండిన దిబ్బ తరిగిపోగా, దీవులలో రెండు నీటమునిగినవి. ఆ త్రవ్వకమే దీనికి ముఖ్యకారణములలో నొకటియని చెప్పుదురు. 1986లో ఆ ప్రాంతము సముద్ర జాతీయవనముగా ప్రకటింపబడినది. దిబ్బలు కట్టు రాతిపగడములు 2001లో వన్యప్రాణి సంరక్షణచట్టపు మొదటి షెడ్యూలులో చేర్పబడినవి. కావున వానిని కడలినుండి తీయుట నేరము. మన తెలుగుతీరమున గోదావరీకృష్ణలు తెచ్చు ఒండ్రుచేతను, మంచినీటిచేతను అట్టి పెద్దదిబ్బలు పెరుగలేదు. అందుచే మనలో పెక్కుమందికి పగడమన్నంతనే ఉంగరములోని యెర్రపూస స్ఫురించును. ఆ పూస పుట్టునది మధ్యధరాసముద్రమున. దాని జాతి వేరు, అది దిబ్బలు కట్టునది కాదు.

మేము పింగాణీవలె కాల్చిన, బొరియలుగల కృత్రిమశిలలను కొంటిమి. సిమెంటుతో పోసినవియు దొరకును గాని, అవి క్షారమును విడుచును గనుక, నీరు మార్చుచు వారములకొలది నానవేయవలెను. ఏటిగుండ్లు నున్ననివి, పనికిరావు. లోహపు చారలుగల రాయి యసలే వలదు. రాగి రవంత కరగినను రొయ్యలు, పగడములు చచ్చును. మా తొట్టిలోని పగడములును ఆ షెడ్యూలులో చేరని మెత్తని జాతులే: తోలుపగడము, పుట్టగొడుగు పగడము, నక్షత్రపగడము అనునవి.

ఇక కట్టుబడి. చేపలను, పగడములను, తొట్టిలోని పాతనీటితోనే ఒక పీపాలోనికి మార్చి, ఇసుకయంతయు ఎత్తివేసితిమి. తొట్టి యడుగు కొలతకు ఒక అట్టను కత్తిరించి, బల్లమీద పరచి, దానిపై ముందుగా రాళ్ళు పేర్చి చూచితిమి. సూక్ష్మజీవులు చావకుండ నా మనుమరాలు రాళ్ళపై ఉప్పునీరు చిలుకరించుచుండెను. రెండు దినములు పేర్చుట, తీయుట, మరల పేర్చుట. 40 కిలోలలో 18 కిలోలు మాత్రమే నిలిచినవి.

పునాదిరాళ్ళు ఇసుకమీద గాక, తొట్టి యడుగుననే కూర్చుండవలెను. గాజునకు ఒత్తిడి తగులకుండ మేము పలుచని ప్లాస్టిక్ పలకను పరచితిమి. రాళ్ళు కుదిరిన పిదపనే వాని చుట్టును ఇసుక పోయవలెను. అప్పుడు రొయ్య యెంత త్రవ్వినను రాయి దిగదు. ఇక పైరాయిని నిలుపు సూత్రము మన వంటయింటిలోనే కలదు. పొయ్యికి రాళ్ళెన్ని? మూడు. నాలుగుకాళ్ళ పీట ఎగుడుదిగుడు నేలపై ఊగును, మూడుకాళ్ళది ఊగదు. ప్రతిరాయియు తనక్రింది రాళ్ళను మూడుచోట్ల తాకునట్లు త్రిప్పిత్రిప్పి చూడవలెను. కుదిరినదనిపించిన పిదప పిడికిలితో నెట్టి చూడవలెను. కదలినదా, అది కుదరలేదన్నమాట. అటుపిమ్మటనే తడిలోనైనను పట్టు రెండుపాళ్ళ జిగురుముద్దతో అతుకవలెను. జిగురు ఉన్నదికదాయని తప్పుపేర్పును నిలబెట్టబోవుట మంచిది కాదు.

ఇచట చిన్న గణితము కలదు. నలుడు వేసిన రాళ్ళు నీట తేలినవందురు. మనవి మునుగును, కాని మునుగుచు బరువు కోలుపోవును. సున్నపురాయి ఉప్పునీట తన బరువులో మూడవవంతుకంటె ఎక్కువయే కోలుపోవును. కావున నీటిలో తేలికగా నిలిచిన పేర్పు, శుభ్రపరచుటకై నీరు తోడివేసినపుడు ఒక్కసారిగా బరువెక్కును. బలహీనమైన అతుకులు విడిపోవుట కదియొక సమయము. పొడిబల్లపై కట్టి చూచుటలో మేలిదియే: పూర్తి బరువున నిలిచినది నీటిలో తప్పక నిలుచును.

ఆకారము మాట. ఇప్పుడు మా తొట్టిలో గోడ లేదు. ఎడమవైపున ఒక పెద్దగుట్ట, కుడివైపున ఒక చిన్నగుట్ట, నడుమ జానెడు త్రోవ. నాలుగువైపుల గాజునకును గుట్టలకును మధ్య నాలుగంగుళముల యెడము. నిజమైన పగడపు దిబ్బలందును అలల కెదురైన పార్శ్వమున గట్టు, కాలువ, మరల గట్టు, కాలువగా నుండును. ఆ కాలువలగుండ నీరు పోవుచు వచ్చుచు నుండును. గుట్ట యెత్తు నీటిలోతులో మూడింట రెండువంతులు మించనీయలేదు. రాయి పెరుగదు గాని పగడము పెరుగును. తోలుపగడము గొడుగువలె విప్పుకొని క్రిందివానికి వెలుతురు అందనీయదు. దానిని శిఖరమున గాక ఒక ప్రక్కను పెట్టవలెను. నక్షత్రపగడము చాపవలె ప్రాకి, అందిన రాతినెల్ల ఆక్రమించును. దానికి ఇసుకనడుమ వేరుగా ఒక చిన్నరాయి నిచ్చితిమి. దానికది లంకాద్వీపము, దాటి రాలేదు. పెద్దగుట్టలో రెండు గుహలు విడిచితిమి. ప్రతి గుహకును రెండు ద్వారములు. ఇది శాస్త్రము చెప్పినదో లేదో నేనెరుగను. మనుమరాలి ప్రశ్న నాచేత చేయించినది.

కట్టడము ముగిసిన పిదప పంపు వేసి, మేతపొడిని చిటికెడు నీట విడిచి, అది యెచట ఆగిపోవునో కనిపెట్టితిమి. ఒక మూల ఆగినది. ఒక రాయిని రెండంగుళములు జరుపగా కదలిపోయినది.

క్రొత్తగా మొదలుపెట్టువారు రాళ్ళు పేర్చినవెంటనే చేపలను వదలరాదు. సూక్ష్మజీవులు రాతిలో కాపురము పెట్టుటకు సాధారణముగా నాలుగు మొదలు ఆరు వారములు పట్టును. కొంచెము అమ్మోనియాను వేసి, పరీక్షద్రవముతో చూచుచు, అమ్మోనియాయు నైట్రైటును రెండును సున్నకు దిగువరకు కాచుకొనవలెను. మావి పాతరాళ్ళే, తడి యారనివి. అందుచే మాకు అంత నిరీక్షణ లేకపోయెను. ఐనను వారముదినములు ప్రతిదినమును పరీక్షించితిమి. కూలకముందు లీటరుకు 50 మిల్లీగ్రాములున్న నైట్రేటు, సగముకంటె తక్కువ రాళ్ళతో, నాలుగునెలలకు 10కి దిగినది.

రొయ్యకు తోడుగా మరియొక గోబీచేపను తెచ్చితిమి. రెండును చిన్నగుట్టక్రింద బొరియ చేసికొన్నవి. పునాదిరాతి యంచు బయటపడునంతవరకు త్రవ్వినను గుట్ట కదలలేదు. మిగిలిన 22 కిలోల రాళ్ళు మేడమీద ఒక బానలో నున్నవి. బొమ్మలకొలువునకు పనికివచ్చునేమో యని మా కోడలు అడుగుచున్నది.